గళ్ల పట్టికను చింపిన ఉపాధ్యాయిని: శ్రీమతి జిలియన్ థ్రోస్‌బీ

1985 సెప్టెంబరు 3వ తేదీన లెస్టర్ నగరంలోని మన పాఠశాలలో మతబోధన ఉపాధ్యాయినిగా చేరిన శ్రీమతి జిలియన్ థ్రోస్‌బీ గారు, ముప్పై ఆరేళ్ల అవిచ్ఛిన్న సేవానంతరం ఈ జులై మాసాంతాన పదవీ విరమణ చేస్తున్నారు.

చేరిన తొలి ఏడాదిలోనే వారు పాఠ్యాంశంలోని ఆరు మతాలకూ ఒకే పట్టిక గీశారు. స్థాపకుడు, గ్రంథం, మందిరం, పండుగ: మతానికి నాలుగు గళ్లు. ఇరుగుపొరుగు పాఠశాలలవారు అడిగి తీసుకువెళ్లిన ఆ పట్టిక అంటే వారికి ఎంతో గర్వం.

1991లో పన్నెండేళ్ల హేతల్ మిస్త్రీ, హిందూమత స్థాపకుడి గడిలో ‘మా బామ్మ’ అని రాసింది. థ్రోస్‌బీ గారు ఎర్రసిరాతో కొట్టివేశారు.

“మిస్, ఇంట్లో అందర్నీ అడిగాను. ఎవరికీ తెలీదన్నారు. అయితే మాది మతం కాదా?” అంటూ ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది.

థ్రోస్‌బీ గారు ఆ సాయంత్రమే బెల్‌గ్రేవ్ రోడ్డులోని వాళ్లింటికి వెళ్లారు. బామ్మగారు వేడివేడి థేప్లాలు, అంటే మెంతికూర రొట్టెలు, వడ్డిస్తూ, మనవరాలి నోట ప్రశ్న విని నవ్వారు.

“ఎవరు పెట్టారో నాకేం తెలుసమ్మా? పొద్దున్నే లేచి దీపం పెట్టేది మాత్రం నేనే. అది రాసుకోడానికి మీ కాయితంలో చోటు లేదూ?”

మర్నాడు థ్రోస్‌బీ గారు తరగతి ముందు నిలబడి, “తప్పు హేతల్‌ది కాదు, నా ప్రశ్నది” అని ఒప్పుకొన్నారు.

“జిల్, ఆ పట్టిక గీసింది మీరేగా!” అని ప్రధానోపాధ్యాయులు విసుక్కున్నారు.

“గీసిందాన్ని నేనే కాబట్టి చింపే బాధ్యతా నాదే.”

పట్టిక తీసేయాలని వారు పాఠ్యప్రణాళికను నిర్ణయించే నగర మండలిని కోరితే, అక్కడ ఒక వృద్ధ క్రైస్తవ మతాచార్యులు, “అందరికీ సమానంగా నాలుగేసి గళ్లిచ్చాం, ఇంకేం కావాలి?” అన్నారు.

“గళ్లు సమానమేనండీ, కొలత మాత్రం మన చర్చిది” అన్నారు థ్రోస్‌బీ గారు.

ఆ ఒక్క మాటకు మూడేళ్లు వాదించవలసి వచ్చింది. రెండుసార్లు వారి ప్రతిపాదన ఓడిపోయింది. 1994లో ఎట్టకేలకు పట్టిక తొలగి, ‘మీ ఇంట్లో ఏం చేస్తారు? ఎందుకు?’ అన్న ప్రశ్నతో పాఠం మొదలైంది. ఏ మతమూ లేని ఇళ్ల పిల్లలు సైతం ఆనాడే తొలిసారి కాగితం నింపారు. 2003లో శాఖాధిపతి అయ్యాక, వారానికొక పూట పిల్లలను వెంటబెట్టుకుని గురుద్వారాకో మసీదుకో వెళ్లి, అక్కడివారి చేత మాట్లాడించి, తాము వెనుక వరుసలో కూర్చుని రాసుకునేవారు.

అడగడానికి సిగ్గుపడని ఆ గురువర్యులు, భర్త డెరెక్ గారి సాహచర్యంలో, మోకాళ్ల నొప్పులు ఎరుగక, కోరిన ఊళ్లన్నీ తిరిగి, నిండు నూరేళ్లు ఆరోగ్యానందాలతో వర్ధిల్లాలని సహోద్యోగులమందరం మనసారా ఆకాంక్షిస్తున్నాము.