అది రాయి మోసే బెల్టు కాదు

నా వయసు యాభై రెండేళ్లు. పేరు, చిరునామా విడి కాగితం మీద రాసిచ్చాను. కంకర మిల్లులో బెల్టు మెకానిక్‌ని. ఇరవై ఆరేళ్లుగా ఇదే పని, ఈ మిల్లులో పదకొండేళ్లు. ఈ రోజు ఉదయం పదింటికి మీరు విచారణకి రమ్మంటే వచ్చాను. ఎవరూ బెదిరించలేదు. ఏం చెప్పాలో నేర్పి పంపాలని మాత్రం చూశారు, అది తర్వాత చెప్తాను.

మా మిల్లులో రాయిని పగలగొట్టి, ఆ కంకరని కాంక్రీటు కలిపే తొట్లలోకి ఎక్కిస్తారు. ఎక్కించేది మూడో నంబరు బెల్టు. పొడవు నలభై రెండు మీటర్లు. నేల మీంచి తొట్ల దాకా ఏటవాలుగా పోతుంది. మిగతా బెల్టులకి వాలు లేదు, దీనికి బాగా ఎక్కువ. నున్నటి బెల్టు వేస్తే కంకర వెనక్కి దొర్లుతుంది. అందుకని దాని మీద అడ్డంగా రబ్బరు గట్లుండాలి. పైనుంచి పడేది పదునైన రాయి కాబట్టి లోపల గుడ్డ పొరలు నాలుగుండాలి. ఇదేం పెద్ద విద్య కాదు సార్. ఏం మోయాలి, ఎంత ఎత్తుకి మోయాలి, సరుకు ఎంత పైనుంచి పడుతుంది అని అడిగి కొనాలి. చెప్పులు కొనేవాడు కూడా కాలు చూసుకునే కొంటాడు.

గత నెల మూడో తేదీన పాత బెల్టు అంచు చీలింది. ఆ రోజే స్టోర్సు ఆఫీసరుకి చీటీ రాసిచ్చాను. నాలుగు పొరలు, గట్లున్నది, రాయి కోసం అని రాశాను. ఎనిమిదిన పొద్దున పాతది పూర్తిగా తెగింది. ఆ మధ్యాహ్నం రెండున్నరకి కొత్త బెల్టు లారీలో వచ్చింది. చుట్ట దించాక చేత్తో తడిమాను. నున్నగా ఉంది. అంచు చూస్తే రెండే పొరలు. సిమెంటు బస్తాలు నేలబారుగా జరపడానికి వాడే బెల్టు అది.

స్టోర్సు గదికి వెళ్లాను.

"సార్, ఇది బస్తాల బెల్టు. రాయికి ఆగదు" అన్నాను.

"వెడల్పు సరిపోయిందా లేదా?"

"సరిపోయింది."

"మరింకేం? బెల్టంటే బెల్టే. నల్లగా ఉంటుంది, తిరుగుతుంది. ఎక్కించు."

కుదరదన్నాను. ఇది ఒకసారి.

మర్నాడు తొమ్మిదింటికి మేనేజరు గదిలో రెండోసారి అన్నాను. గేటు బయట కాంక్రీటు లారీలు వరసకట్టి ఉన్నాయి. స్టోర్సు ఆఫీసరు నవ్వాడు. "వయసు మీదపడింది సార్ ఈయనకి. చేతకావడం లేదు. నిజం ఒప్పుకోలేక బెల్టుని తిడుతున్నాడు. ఇంకో మెకానిక్‌ని పిలిపిస్తాను" అన్నాడు. మేనేజరు నా చేతుల వైపు చూశాడు. అదొక్కటే చేశాడు. నా చేతుల వైపు చూశాడు.

నాకు ఒళ్లు మండింది. "చేతకాకపోవడమేంటి? సాయంత్రానికల్లా ఎక్కిస్తాను" అన్నాను. ఆ మాట నాదే, ఎవరూ నా నోట్లో పెట్టలేదు. నాలుగూ ఇరవైకి బెల్టు తిరిగింది. రెండు కొసలూ కలిపి ఇనప క్లిప్పులు కొట్టింది నేను. సరిపోయిందని రిజిస్టర్లో సంతకం పెట్టింది నేను.

ఆ బెల్టు కింద జారిపడిన కంకరని పారతో ఎత్తే పని మా వదినది. మా అన్న పోయి ఆరేళ్లయింది. ఆమెని ఆ పనిలో పెట్టించింది కూడా నేనే. పాత బెల్టున్నప్పుడు పూటకి నాలుగు తోపుడు బండ్లు ఎత్తేది. కొత్తది ఎక్కాక గంటకి నాలుగు.

"ఏం మరిదీ, నీ కొత్త బెల్టుకి తిన్నది ఇమడడం లేదు. పొద్దస్తమానం కక్కుతోంది. ఎత్తలేక నా నడుం విరుగుతోంది" అనేది. నలుగురూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వాను. నవ్వానని కూడా రాసుకోండి సార్.

పద్నాలుగో తేదీన వాన పడింది. తడికి బెల్టు, దాన్ని తిప్పే డ్రమ్ము మీద జారడం మొదలుపెట్టింది. బిగించమని స్టోర్సు ఆఫీసరు చెప్పాడు. బిగించాను. పదహారున మళ్లీ బిగించమన్నాడు. బిగించాను. అప్పుడు క్లిప్పుల దగ్గర గుడ్డ పీచు బయటికి రావడం చూశాను. స్పష్టంగా చూశాను. ఆదివారం మిల్లు ఆగుతుంది కదా, అప్పుడు చూద్దామనుకున్నాను.

పదిహేడో తేదీ ఉదయం పదీ నలభైకి నేను పైన తొట్టి పక్క మెట్ల మీద ఉన్నాను. బెల్టు నిండా కంకర ఉంది. క్లిప్పులు ఒకదాని వెనక ఒకటి ఊడాయి. సంచి జిప్పు లాగినట్టు చప్పుడైంది, అంతే. తెగిన బెల్టు కంకరతో సహా కిందికి జారింది. కింద వదిన ఉంది. "వదినా!" అని అరిచాను. ఆమె తలెత్తి నా వైపు చూసింది. పరిగెత్తు అని అరవాల్సింది. పిలిస్తే ఎవరైనా ఆగి చూస్తారు. పరిగెత్తరు.

ఆరుగురం చేతుల్తోనే ఆమె మీద పడ్డ కంకర తీశాం. తగులుతుందేమోనని పారలు వాడలేదు. పదకొండూ పదికి ఆస్పత్రికి చేర్చాం. ఆ సాయంత్రం కుడికాలు మోకాలి కింది నుంచి తీసేశారు.

పంతొమ్మిదిన స్టోర్సు ఆఫీసరు ఆస్పత్రి వరండాలోకి వచ్చి ఒక కాగితం చేతికిచ్చాడు. వద్దన్నా వినకుండా ఆమె తనంతట తానే బెల్టు కిందికి వెళ్లిందని అందులో ఉంది. సాక్షిగా నన్ను సంతకం పెట్టమన్నాడు. "పెట్టకపోతే నీ ఇష్టం. బెల్టు సరిపోయిందని రాసింది నువ్వేగా" అన్నాడు. నేను పెట్టలేదు. నా చీటీ ఇప్పుడు స్టోర్సు ఫైల్లో లేదంటున్నారు. కార్బన్ నకలు మీకిచ్చాను.

లోపలికెళ్లి జరిగినదంతా వదినకి చెప్పాను. కళ్లు మూసుకునే విన్నది.

"అయితే నువ్వు వద్దన్నావా?" అంది.

"అన్నాను."

"ఎన్నిసార్లు?"

"రెండుసార్లు."

"మూడోసారి ఎందుకనలేదు?"

"చేతకాదన్నారు వదినా."

కళ్లు తెరిచింది. "చేతకాదనిపించుకుంటే ఏం పోయేది మరిదీ?" అంది. కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. అప్పట్నుంచి నాతో మాట్లాడడం లేదు. మంచినీళ్లు కావాలన్నా, నేను పక్కనే ఉన్నా, నర్సుని పిలుస్తుంది.

ఇరవై ఆరో తేదీన ఇంకో బెల్టు వచ్చింది. నాలుగు పొరలది, గట్లున్నది. ఈసారి ఎవరూ ఏమీ అడగలేదు. నన్నే ఎక్కించమన్నారు. ఎక్కించాను. "సిగ్గులేదా, మళ్లీ ఎందుకెక్కించావు?" అని మా ఇంటావిడ అడిగింది. కింద అప్పటికే ఇంకొకావిడని పెట్టారు, అందుకని ఎక్కించాను. ఇప్పుడు ఒక్క రాయి కూడా జారడం లేదు. ఎత్తడానికి ఏమీ లేక ఆవిడ రోజంతా పార మీద చేతులానించి ఊరికే నిలబడుతోంది.

పైన రాసింది నేను చెప్పిందే. నాకు చదివి వినిపించారు. నాకు అనుకూలంగా ఏమీ కలపలేదు, వ్యతిరేకంగా ఉన్నది ఏదీ దాచలేదు. అంతా నిజమని ఒప్పుకుని సంతకం చేస్తున్నాను.

(సంతకం)
బెల్టు మెకానిక్
రెండో తేదీ, పగలు పన్నెండూ పది