గండి మీద అర్ర

రెండో ప్రపంచ లడాయి మొదలైన మూడో ఏడు. కామారెడ్డి స్టేషను వెనుక గల్లీలో చంద్రవ్వ మధ్యాహ్నం పూట అరుగు మీద చింతపండు గింజ తీస్తుంటే, గంగామణి వచ్చి పక్కన కూర్చుంది. ఇద్దరి పెరళ్లకూ నడుమ ఒకటే మట్టిగోడ. గంగామణి తన పెరట్లో ఆ గోడను ఆనించి ఒక అర్ర కట్టి, బట్టలు కుట్టే చాంద్ బీకి కిరాయికి ఇచ్చిన నాటి నుంచి చంద్రవ్వకు తిన్నది ఒంటబట్టలేదు. ఆ చాంద్ బీ నిన్న ఉన్నట్టుండి ఖాళీ చేసి వెళ్లిపోయింది. గంగామణిని తన అరుగు మీద చూసి చంద్రవ్వకు ప్రాణం లేచివచ్చింది కానీ, గింజల మీది నుంచి తల మాత్రం ఎత్తలేదు.

“పోతే పోయింది తియ్యే. పోయేదాన్ని ఎవ్వలాపుతరు?”

“గట్ల కాదక్కా. నెల నడుమ ఎవ్వలన్న పోతరా? పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే దించి, కుండతోని బండెక్కింది.”

“పప్పుతోనా?”

“పప్పుతోనే.”

“చూసినవా బుద్ధి! నీకొక్క గంటెడు పెట్టకపాయె.”

“నవ్వకక్కా.”

“నేనేడ నవ్వుతున్న? చింతపండు పులుపుకు మూతి గట్లయింది.”

“ఎందుకు పోతున్నవంటే చెప్పలే. మొఖం తిప్పుకున్నది. నేనేమన్న అన్ననా, గల్లీ బాయికాడ ఎవ్వలన్న ఏమన్న అన్నరా అని అడిగిన. ఏం లేదు గంగామణీ, నీ అసుంటి మనిషి నాకు మల్ల దొరకది అన్నది. ఏడ్సుకుంట బండెక్కింది.”

“దొరకదని ఇయ్యాల తెలిసిందా ఆమెకు? నాకు ఇరవై ఏండ్ల కిందనే తెలుసు.”

“నువ్వు వేరే అక్కా.”

“ఏం వేరే? నేనొస్తే పీటేస్తవు, ఆమె వస్తే మంచం వాలుస్తవు. గంతే వేరే.”

“మంచం మీద గుడ్డ పరిచి కత్తిరిచ్చేది. పీట మీద కత్తిరిస్తరా ఎవ్వలన్న?”

“కత్తిరిచ్చుకోని. నాకేంది? నీ ఒంటి మీది రవికె సుత ఆమె కుట్టిందే గదా. చేతులకు గా పూలంచు ఏందే? గీ వయసుల పూలంచు!”

“గీ లడాయి దినాలల్ల గుడ్డ దొరకుడే గగనం. ఎవ్వలదో మిగిలిన ముక్క ఉంటే ఏసింది. నీకు సుత కుడ్తనన్నది. నేనే వచ్చి చెప్తి గదా. నువ్వే వద్దంటివి.”

“వద్దంటే మల్లొక్కసారి అడుగరాదా? ఒక్కసారి వద్దంటే గదే పట్టుకుంటవా?”

“అక్కా, గా అర్ర కట్టిన కాన్నుంచి నువ్వు నాతోని సక్కగ మాట్లాడ్తనే లేవు.”

“ఏడికెల్లి మాట్లాడాలె? తొవ్వ ఏది? గోడకు గండి ఉండె. ఒక కాలు ఇటేస్తే ఇంకో కాలు మీ పెరట్లనే. నీ కూర మాడితే నాకే ముందుగాల వాసనొచ్చేది, ఉరికొచ్చి దించేదాన్ని. నీ పెనిమిటి పానం పోయిన నాడు గా గండిలకెల్లే పడుకుంట లేసుకుంట వచ్చిన. సరిగ్గ గా గండి మీదనే కడ్తివి అర్ర! ఇప్పుడు నీ ఇంటికి రావాలంటే గల్లీ అంత చుట్టు తిరగాలె. చుట్టపుదాని లెక్క.”

“ఇంకేడున్నది జాగ? ఇటు ఇల్లు, అటు కొట్టం. కట్టకుంటే నేనెట్ల బతుకుదు? సోలెడు జొన్నలకు తమ్మునింటికి పోతే మరదలు మొఖమెట్ల పెట్టిందో నువ్వు చూడలేదా? రెండు ఎండకాలాలు నేనే మట్టి తొక్కిన. గూనపెంకలు నేనే నెత్తి మీద మోసిన. గా కిరాయే నా బువ్వ.”

“నేను పెడుదును బువ్వ.”

“ఎన్నొద్దులు పెడుదువక్కా?”

“గదిగో! చాంద్ బీ చాయ్ పోస్తే మారుమాట లేకుంట తాగుతవు. నేను బువ్వ పెడ్తనంటే ఎన్నొద్దులని అడుగుతవు.”

“చాయ్‌కు, బువ్వకు పొంతన ఉన్నదా?”

“ఉన్నది. నాకున్నది. సరే, పోనియ్యి. ఇను. ఆమె ఎట్లనో పాయె, పీడ పాయె. మేస్త్రి పని చేసే మా బాలమల్లుని పిలుస్త, గా అర్ర ఎనుకగోడకు చిన్న దర్వాజ పెట్టిచ్చు. ఒక్క పూట పని. అటుకెల్లి నువ్వు రా, ఇటుకెల్లి నేనొస్త, అర్రల సల్లగ కూసుందాం. ఎనుకటి లెక్క. ఇగ కిరాయికి ఎవ్వలనూ పెట్టకు. ఒకామె వస్తది, ఎనుక ఆమె బిడ్డ వస్తది, గా బిడ్డ నీళ్లాడేదాక బరువంత నీ నెత్తి మీదనే. ఎందుకే నీకీ తిప్పలు?”

“ఎవ్వల బిడ్డ?”

“ఎవ్వల బిడ్డయితేంది? మాటకన్న.”

“చాంద్ బీ బిడ్డ ఎల్లారెడ్డికెల్లి పురుటికి వస్తదని నీకెవ్వలు చెప్పిండ్రు?”

“నువ్వే చెప్తివి.”

“నేను చెప్పలే. మొన్ననే ఆమె నాకు చెప్పింది. మొన్నటి సంది నిన్ను నేను చూడనే లేదు.”

“అయితే బాయికాడ చెప్పింది కావచ్చు.”

“నీకా? ఆమె మొఖమే చూడనని ఒట్టు పెట్టుకుంటివి గదా.”

“ఎదురుపడితే మాట్లాడమా? మనుషులం కామా?”

“ఏం మాట్లాడినవు?”

“ఏముంటది... మంచీ చెడ్డ.”

“అక్కా, ఇటు చూడు. గింజలు ఏడికి పోవు. ఏమన్నవు ఆమెతోని?”

“ఏమనలే.”

“అక్కా!”

“ఏమనలేదంటే ఏమనలే! నీ సవతి ముచ్చట వచ్చింది. గంతే.”

“నా సవతా? ఆమె పోయి ముప్పై ఏండ్లాయె. నేనే చూడలే ఆమెను.”

“గదే చెప్పిన. మొదటామె కాన్పుల పోయిందని చెప్పిన. అబద్ధమా?”

“కాదు. ఏడ పోయిందని చెప్పినవు?”

“ఏడ అని ఆమె అడగలే.”

“నువ్వేం చెప్పినవు?”

“గా అర్ర ఉన్న జాగలనే అన్న. నోరు జారింది.”

“రాజంపేటల, తల్లిగారింట్ల పోయింది గా మనిషి. నీకు తెల్వదా?”

“తెలుసు.”

“ఇంకా?”

“ఇంకేం లేదు.”

“ఇంకేమన్నవక్కా?”

“అమాసకు పసిపిల్ల ఏడుపు ఇనొస్తదన్న. కడుపుతోని ఉన్నోళ్లకు గా అర్ర అచ్చిరాదన్న. బిడ్డను తోలుకరాకు తల్లీ అని మంచిగనే చెప్పిన, జాలి పడి.”

“జాలి పడి!”

“మరేం చెయ్యాలె నేను? పొద్దుందాక గోడ అవుతల మీ ఇద్దరి నవ్వులు. ఏం ముచ్చట్లో తెల్వదు. నన్ను పట్టుకొనే నవ్వుతున్నరేమో తెల్వదు. గోడకు చెవ్వు పెట్టి కూసున్న గంగామణీ! ఇంత వయసొచ్చి, దొంగదాని లెక్క! కోడలు చూసింది. నేను చూడనట్టు ఉన్న.”

“మేం చెప్పుకున్నవి నీ ముచ్చట్లే అక్కా. నీ కొడుకు ఎంకటి పుట్టిన నాడు నువ్వు మంత్రసానిని తిట్టిన తిట్లు చెప్పి నవ్విచ్చిన. గామెను ఒకపారి పిలువు గంగామణీ, ముగ్గురం కూసుందామన్నది చాంద్ బీ.”

“నన్నా?”

“నిన్నే. ఇప్పుడామె ఎల్లారెడ్డిల అల్లునింటికి పోయింది, ఆడ కాలు చాపే సందు లేదు. కుట్టుమిషిని ఏడ పెట్టుకుంటది? ఏడ పండుకుంటది? గా పిల్లకు దినాలు దగ్గరకొచ్చినయి.”

“నాకు ముగ్గురు వద్దే. నాకు నువ్వొక్కదానివి చాలు.”

“గట్ల ఎట్లయితది?”

“ఇరవై ఏండ్లు గట్లనే గదా అయ్యింది! సరే... ఆమెను మల్ల పిలిపిస్తవా ఏంది?”

“పిలిపిద్దునేమో. గని అర్ర ఖాళీ లేదు.”

“నిన్ననే గదా ఖాళీ అయ్యింది?”

“ఇయ్యాల పొద్దుగాల తాళంచెవి ఇచ్చిన.”

“అప్పుడేనా! ఎవ్వలకు?”

“ఉన్నరు.”

“ఎవ్వలే? మద్నూర్‌కెల్లి వచ్చిన గా మరాఠాయనకా? స్టేషన్ల బాబుకా?”

“కాదు. మొగుడు పెండ్లాలు.”

“ఏ ఊరోళ్లు?”

“గీ ఊరోళ్లే. నువ్వు మెల్లగ మాట్లాడక్కా.”

“ఎందుకు మెల్లగ? నాకేం భయమా? ఎవ్వలైతేంది, గా గండి మీద ఎవ్వలను ఉండనియ్య. చాంద్ బీకి చెప్పినదే వాళ్లకు చెప్త. ఇంకో రెండు కలిపి చెప్త. వారం తిరగకుంట మూట కట్టుకొని పోతరు, చూడు.”

“చెప్పకక్కా. నీ కాళ్లు మొక్కుత.”

“గంత పావురమా, గంత ప్రేమనా? నీకేమైతరే వాళ్లు?”

“నాకేం గారు.”

“మల్ల?”

“నీకే అయితరు. నీ ఎంకటి, నీ కోడలు సాలవ్వ.”

“ఏందీ?”

“నేనే చెప్పుకుంట అన్నడు ఎంకటి. మిల్లుకెల్లి వచ్చినంక మెల్లగ చెప్తనన్నడు. నువ్వు నోరు జారి మీదికి తెచ్చుకుంటవని నేను ముందుగాల వచ్చిన.”

“నా ఎంకటా? వానికి ఇల్లు లేదా?”

“ఇల్లున్నది గని ఊపిరాడుతలేదన్నడు. దూరం పోతే అవ్వ తట్టుకోది, గోడ అవుతలయితే పిలిస్తే పలుకుత అన్నడు.”

“అబద్ధం. సాలవ్వ ఇప్పుడే బాయి దిక్కు మన్ను తెస్తనని పోయింది.”

“గా మన్నుతోనే అర్ర అలుకుతున్నది అక్కా.”

“దానికి నాలుగో నెల గదనే గంగామణీ.”

“అవునక్కా.”

“నేను బాయికాడ అన్న మాట... గా పిల్ల ఇన్నదా?”

“ఊరంత ఇన్నది. గా పిల్ల ఇనదా? పొద్దుగాల నాకు చెప్పింది సుత గా పిల్లనే, నీ నోటనే ఇందామని నిన్ను అడిగిన.”

“అయ్యో. గట్లేం లేదని చెప్పినవా దానికి? గా అర్రల ఏ దయ్యం లేదు, ముసల్ది కడుపుమంటతోని అన్నదని చెప్పినవా?”

“చెప్పిన. ఉన్నా సరే, గా దయ్యమన్న అమాసకొక్కనాడే వస్తది అన్నది నీ కోడలు.”