తోడు రాకూడని గది

చూపించుకోవడానికి వచ్చినామె భర్తను నర్సు బయట బల్ల మీద కూర్చోబెట్టి, ఆమెను లోపలికి తీసుకెళ్లి బీపీ చూసే గది తలుపు వేసింది.

"లోపలికి తోడు రాకూడదా సిస్టర్? పోయినసారి ఆయన నా పక్కనే ఉన్నారు కదా."

"రూలు మారింది."

"ఎప్పుడు?"

"ఇందాక. నిన్ను అడిగిన మూడో ప్రశ్నకు కూడా మీ ఆయనే జవాబు చెప్పినప్పుడు. చెయ్యి ఇటివ్వు."

"ఆ చెయ్యి వద్దు. మెట్ల మీద పడ్డాను."

"పోయిన నెల బాత్రూంలో పడ్డావు. మీ ఇంటికి నీ మీద అంత కోపమేమిటమ్మా?"

"నా నడకే అంత. చూసుకోను."

"మెట్ల మీద పడితే మోచెయ్యి గీసుకుపోతుంది తల్లీ. ఇది జబ్బ. ముందు నాలుగు వేళ్ల గుర్తులు, వెనక బొటనవేలిది."

ఆమె చేతిని ఒళ్లోకి లాక్కుంది.

"రాసేస్తారా?"

"నువ్వు చెప్పిందీ, నేను చూసిందీ రాస్తాను. ఆ కాగితం మీ ఆయన చేతికివ్వను. ఇవాళ ఇంటికి వెళ్లాలంటే భయంగా ఉందా?"

"ఉంది. ఈసారి పాప చూసింది."

"పాప ఎక్కడుంది?"

"మా అక్క దగ్గర."

"ఇక్కడి ఫోన్‌లో అక్కతో మాట్లాడతావా? ఇంటికి వెళ్లాలా, అక్క దగ్గరికి వెళ్లాలా అన్నది నీ ఇష్టం. ఎటు వెళ్లినా దారి చూద్దాం."

తలుపు చప్పుడైంది. "ఇంకా అవలేదా?" అన్నాడు భర్త.

నర్సు ఆమె వైపు చూసింది.

"ఇంకో పరీక్ష ఉందట. కూర్చోండి," అందామె, బయటికి వినపడేలా.

"ఏం పరీక్షమ్మా?" నర్సు గొంతు తగ్గించి అడిగింది.

"రూళ్లు పెట్టడం మీ ఒక్కరికేనా వచ్చు? ఆ ఫోనిలా ఇవ్వండి."