బాలరాజ్ ఆపిన గూడ్సు బండి

"నేను ఇయ్యాల చేసింది పెద్ద పనేం గాదు. ఆఫీసు మెట్లు ఎక్కిన, దిగిన. గంతే. ఇంకొకడైతే ఊరంత డప్పు కొట్టుకునేటోడు, నాకు గది అలవాటు లేదు" అని మొదలుపెట్టాడు బాలరాజ్, రాజేశ్వర్ హోటల్ ముందు బెంచీ మీద కాలు మీద కాలేసుకుని.

చిట్కుల్ అవతల మా ఊరి భూముల్లో, పట్టాల పక్కనే, గూడ్సు రైళ్ల గోదాములు కడతామని నోటీసు వచ్చి నెల అయింది. వద్దనేవాళ్లు కాగితం రాసి సంగారెడ్డి ఆఫీసులో ఇవ్వాలి. ఇవాళ సాయంత్రం అయిదింటితో గడువు ఆఖరు. రెండువందల పన్నెండు మందిమి సంతకాలు పెట్టి, ఆ కాగితం పొద్దున బాలరాజ్ చేతికిచ్చి పంపాం. ఆఫీసులో మాట్లాడే నోరు ఊర్లో ఆయనొక్కడికే ఉందని అనుకున్నాం. మా తెలివి అట్లా ఏడ్చింది. ఇప్పుడు ఆరున్నర అయింది, ఆయన రెండో చాయ్‌లో ఉన్నాడు.

"ఇచ్చినవా కాయితం?" అని సత్తయ్య అడగడం ఇది మూడోసారి. ఆయనకున్న రెండెకరాలూ ఆ గోదాముల కిందికే పోతాయి.

"జెర ఆగు కాకా, గాడికే వస్తున్న. ఒక్క ముచ్చట సక్కగ చెప్పనియ్యరు గదా మీరు. గేటు కాడ జవాను ఎవరు నువ్వు అన్నడు. నేనేమన్లే, ఉత్తగ సూసిన. లేచి కుర్సీ ఏసిండు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పెద్ద సారే బయటికొచ్చిండు. బాలరాజ్ గారూ, నిన్నటి సంది మీకోసమే ఎదురుసూస్తున్న అన్నడు. నాకు ఒళ్లు మండింది. నిన్నటి సంది సూసుడెందుకు, ఒక్క ఫోన్ చేయరాదా అన్న."

"నీ నంబర్ ఆయనకేడిది?" అన్నాను.

"గిదే నీతోని తకలీఫ్. పెద్దోళ్ల కాడ అందరి నంబర్లుంటయ్. ఇగ విను. మన ఊరి భూముల నక్ష తెప్పించు అన్న. నలుగురు మోసుకొచ్చిండ్రు. విప్పుతుంటే విప్పుతుంటే గది సాలలే, వరండా సాలలే, మెట్లు దిగి రోడ్డెక్కి కొత్త బస్టాండు దాక పోయింది. బస్సులన్ని బంద్. డ్రైవర్లు దిగొచ్చి ఎవరిదయ్యా గీ నక్ష అని ఒకటే లొల్లి. నేను దాని మీద నడుసుకుంట మన ఊరు దాక పోయిన, చెప్పులిడిసే పోయిన, మన భూమి గదా. పోయి సత్తయ్య కాక చెలక మీద నిలబడి, ఈడ గోదాం కడితే కాక కంది ఏడ పెట్టాలె సారూ అని అడిగిన. సార్ తలకాయ దించుకున్నడు."

"మంచిగనే అడిగినవ్ గనీ, కాయితం..."

"నా పానం దీస్తున్నవ్ కాకా. గంత పెద్ద ముచ్చట నడుస్తుంటే నడుమ కాయితమేంది? సార్ ఢిల్లీకి ఫోన్ కలిపిండు. ఇగ మా చేతుల లేదు, గోదాం సామాన్లతోని గూడ్సు బండి బయలెల్లింది అన్నరు వాళ్లు. సిమెంటు, ఇనుము, రేకులు, యాభై ఎనిమిది డబ్బాలు. సరే నా తిప్పలు నేను పడత అని మోటర్ సైకిల్ స్టార్ట్ చేసి పట్టాల కాడికొచ్చిన. వస్తనే ఉంది. తువ్వాల తీసి అడ్డం పట్టిన."

"ఎర్రదా?" అన్నాడు రాజేశ్వర్, చాయ్ వడబోస్తూ.

"తెల్లదే. మనిషిని సూసి ఆగాలె, రంగును సూసి గాదు. ఆగింది. డ్రైవర్ దిగి, అన్నా, నాకు ఎనకకు పోవుడు నేర్పలే అని ఏడ్సిండు. హిందీల ఏడ్సిండు. ఇగ నేనే భుజం పెట్టి నూకిన. ఒక్కన్ని. మీలొక్కరన్న వచ్చిండ్రా? ఈ ఊరికి అన్ని నేనే చెయ్యాలె. లింగంపల్లి దాక నూకిన. గంతటితోని ఆగిననుకుంటున్నరా? మల్లొస్తదేమో అని, వాపస్ వచ్చుకుంట పట్టాలన్ని చాప సుట్టినట్టు సుట్టుకొచ్చిన. దొడ్ల పెడదామంటే మీ వదిన ఒప్పుకోలే, బట్టలారేసే జాగ పోతదట."

అప్పుడే పట్టాల మీద గూడ్సు బండి ఒకటి పోయింది. పొడుగైనదే. అది మొత్తం పోయేదాకా బాలరాజ్ చాయ్ తాగాడు.

"గది వేరే లైను" అన్నాడు.

సత్తయ్య తల పట్టుకున్నాడు. నాకూ కొట్టాలన్నంత కోపం వచ్చింది. ఇచ్చాను అనే ఒక్క ముక్క చెప్పడానికి ఇంత రైలు నడపాలా?

"ఎవరికిచ్చినవ్ అన్నా కాయితం?" అన్న మాట వెనక నుంచి వచ్చింది. నాగేశ్వరి ఎప్పుడు ఆటో దిగిందో, ఎంతసేపటి నుంచి వింటోందో చూడలేదు. సత్తయ్య చేను పక్క చేనే ఆమెది. పాస్‌బుక్కు ఇంకా చనిపోయిన అత్త పేరు మీదే ఉండటంతో తన కాగితం వేరుగా ఇచ్చుకోవాల్సి వచ్చింది.

"సార్ చేతికే చెల్లె."

"పదింటి సంది ఆ వరండాల్నే కూసున్న. లోపలికి పోవాలన్నా, బయటికి రావాలన్నా నా ముందల్నుంచే పోవాలె. నువ్వు రాలే."

బాలరాజ్ గ్లాసు కింద పెట్టాడు.

"ఎన్నిసార్లు ఫోన్ చేసిన్నో సూసుకో. అయిదింటికి క్లర్కు రిజిస్టర్ మూస్తుంటే, జెర ఆగు సారూ, మా బాలరాజన్న బయలెల్లిండు, ఊరోళ్లందరి కాయితం ఆయన కాడనే ఉంది అని బతిమాలిన. పాపం, పావుగంట ఆగిండు. నీ మీద నమ్మకంతోని నేను గూడ గేటు దిక్కే సూసుకుంట నిలబడ్డ."

"బస్టాండు కాడ మనోళ్లు కలిసిండ్రు చెల్లె" అన్నాడు బాలరాజ్, మొదటిసారి చిన్నగా. "ఆఫీసుల ఏమడుగుతవ్ అన్నరు. గిట్ల గిట్ల అడుగుత అని చెప్పుకుంట కూసున్న. జనం జమైండ్రు. చెప్పుకుంట చెప్పుకుంట..."

జేబులోంచి కాగితం తీసి బెంచీ మీద పెట్టాడు. పొద్దున మేం పెట్టిన మడత మడతగానే ఉంది. సత్తయ్య దాన్ని విప్పి, తన సంతకం ఎక్కడుందో వెతికి, దాని మీద వేలు పెట్టాడు.

"మరి మా గురించి ఏం రాసుకున్నరు బిడ్డా?"

"ఊర్ల వద్దన్నది ఒక్కరే అని రాసుకున్నరు కాకా" అంది నాగేశ్వరి. "మిగిలినోళ్లందరికి ఇష్టమేనట."