నీళ్ల మీద గులాబీ గీత

తడ దగ్గర పులికాట్ ఒడ్డున పడవ నడిపే అన్న, తన చెల్లెలు పొద్దున ఫోన్లో తీసిన ఫొటో చూస్తున్నాడు. పక్షుల పండగ పోటీకి ఫొటో పంపడానికి ఆ సాయంత్రమే గడువు.

“ఏందిమే ఇది? అంతా నీళ్లే కనపడతా ఉండాయి. ఫ్లెమింగోలు ఏవి?”

“ఆ చివర సన్నగా గులాబీ గీత ఉంది చూడు. అవే అన్నా.”

“చీమల బారనుకున్నా! పడవెక్కు. దగ్గరికి పోయి ఇంజన్ గట్టిగా తిప్పితే అన్నీ ఒక్కసారిగా లేస్తాయి. పెద్ద కెమెరాలోళ్లకి అట్నే తీయించినా. పోయినేడు ప్రైజు అట్టాంటి ఫొటోకే వచ్చింది.”

“వద్దన్నా. మేత మేసే టైములో వాటిని బెదరగొట్టబాక.”

“రెండు నిమిషాల్లో మళ్లీ దిగుతాయిలే. నీకు ప్రైజు వద్దా?”

“కావాలి. నిద్రలో కూడా అదే ధ్యాస. కానీ అయిదో క్లాసు నుంచి నేను ఈ ఒడ్డు మీద నిలబడే చూస్తా ఉన్నా. నాకు అవి ఎప్పుడూ ఇంతే కనపడినాయి. ఒక్కటన్నా ఇటు నడిచొస్తే బాగుండని చూస్తా ఉంటే, అంతలో బడి గంట కొట్టేసేవాళ్లు. అట్టా చూడటమే ఫొటోలో రావాలని తీసినా.”

“అది ఎవురికి అర్థమవుద్ది? ప్రైజు రాదు, ముందే చెప్తుండా.”

“రాకపోతే పోనీ. ఇదే పంపిస్తా. ఫోన్ ఇటియ్యి.”

“ఉండుమే, లాక్కోబాక. ఈ గీత కొసన ఒకటి విడిగా ఉండాది. ఇటే వస్తా ఉందా అది?”

“తెలీదన్నా. నేనూ పొద్దుట్నించీ దాన్నే చూస్తా ఉన్నా.”