నట్టు మీద పసుపు గీత

ఆగరా, ఆగు! అప్పుడే నట్టు పెట్టేస్తావేంటి? ఇంకా నూనె కారుతోంది కనిపించట్లేదూ? అదిగో... అదిగో మళ్లీ ఇంకోటి. ఆ చుక్కలు పూర్తిగా ఆగితే గానీ నట్టు ముట్టుకోకు, చెప్తున్నా.

ఏంటా చూపు? కారు కింద పడుకున్నావు కదా, నీ మొహం నాకు కనబడదనుకున్నావా? తొడబుట్టినవాణ్ణిరా నేను. నీ కాళ్లు చూసినా నీ కోపం తెలుస్తుంది.

ఇంజన్ వేడిగానే ఉందిలే. దారిలో రెండు చుట్లు ఎక్కువే తిప్పి తెచ్చా. చల్లటి ఇంజన్‌లో నూనె జిగురులా పట్టుకుని దిగదని నాకు చెప్పింది నువ్వేగా. అది సరే, ముందు చక్రాలు ర్యాంపు ఎక్కించావు, కారు వెనక్కి వాలింది. నట్టు వెనకే ఉంది కాబట్టి అంతా అటే వస్తుందంటావు. ముందు మూలలో ఓ గుక్కెడు నిలిచిపోలేదని ఏంటి నమ్మకం? ఒకసారి కిందికి దింపి, సమంగా పెట్టి చూద్దామా?

వద్దా? సరే సరే. ఆ స్పానర్ అలా విసరకు.

నువ్వేమంటావో నాకు తెలుసు. ఇదివరకు వందసార్లు విన్నదే. "ఎంతసేపు పెట్టినా కాస్త లోపల ఉండిపోతుందన్నయ్యా. గోడలకీ సందులకీ అంటుకుని ఉంటుంది. దాంతో ఏ ఇంజనూ చచ్చిపోదు. ధార ఆగాక పది నిమిషాలు చాలు." ఇదేగా? నిజం చెప్పనా, ఆ మాట నేనెప్పుడూ నమ్మలేదు. అన్నానికి టైమైనప్పుడు మెకానిక్కులంతా కలిసి కనిపెట్టిన మాట అనుకునేవాణ్ణి.

నవ్వావా? లేదా? నవ్వావేమో అనుకున్నా.

మూడేళ్లయింది నువ్వు నాతో మాట్లాడి. ఇవాళ కూడా ర్యాంపు ఎక్కించమని వేలు చూపించావు, అంతే. నోరు విప్పితే అరిగిపోతుందా? అదీ ఇంకొకడి షెడ్డులో. ఇంకొకడి పేరు కుట్టిన చొక్కా వేసుకుని... నీ షెడ్డు బోర్డు మీద అక్షరాలు మనిద్దరం కలిసి రాశాం, గుర్తుందా? పొడుగు అక్షరాలు నువ్వు, గుండ్రటివి నేను.

సరేలే. చుక్కలు చూడు నువ్వు.

నా సంగతి నీకు తెలియందేముంది? తలుపు గడియ పెట్టి, మంచం దాకా వెళ్లి, మళ్లీ వెనక్కొచ్చి చూస్తా. మీ వదిన స్టవ్ ఆర్పానని చెప్పినా నేను పోయి తిప్పి చూడాల్సిందే. అద్దంలో నా మొహం నాకే కనబడినా ఎవరు నువ్వని అడిగే రకం అంటుంది నన్ను. అనుకోనీ! ట్యాక్సీ స్టాండులో కూడా అంతే, టైర్లలో గాలి పట్టించాక నా గేజీతో నేను మళ్లీ చూసుకుంటా. ఇందులో తప్పేముంది? జాగ్రత్త అంటారు దీన్ని.

ఆ రోజు కూడా జాగ్రత్తే అనుకున్నానురా.

ఏ రోజేంటి? నీకు తెలీదూ?

నీకో అలవాటుంది కదా. నట్టు బిగించాక, పసుపు రంగు సీసాలో కుంచె ముంచి, నట్టు మీంచి నూనె ఉండే చాంబర్ మీదకి ఒక్క గీత గీస్తావు. నట్టు పిసరంత తిరిగినా ఆ గీత రెండు ముక్కలైపోతుంది. కొత్తలో నేను వెక్కిరించేవాణ్ణి, నట్టుకి బొట్టు పెడుతున్నావా అని. మూడేళ్ల కిందట, నీ షెడ్డులో, ఆ రోజూ గీశావు. కొత్త నూనె పోశావు, ఇంజన్ ఆన్ చేసి చూశావు, నూనె కొలిచే పుల్ల తీసి చూపించావు. "కారు తీసుకెళ్లన్నయ్యా" అని చెప్పి, లోపల గదిలోకి అన్నానికి వెళ్లావు.

నేను తీసుకెళ్లలేదు.

ఆ చివరి చుక్కలు నా కళ్లముందే ఉన్నాయిరా. నువ్వు నట్టు పెట్టేటప్పుడు ఇంకా పడుతున్నాయవి. లోపల పాత మడ్డి ఉండిపోయింది, అన్నయ్యే కదా అని నా పనీ హడావిడిగా చుట్టేశాడు, అనుకున్నా. నీ స్పానరే తీసుకుని కిందికి దూరా. కొంచెం వదులు చేశా, చూద్దామని. ఒక్క చుట్టే! చర్రుమని చేతి మీదుగా చొక్కాలోకి కారింది. చూద్దును కదా, పల్చగా, తేనె రంగులో... కొత్త నూనె! మచ్చ లేదు!

సిగ్గుపడి మూసేయాలా వద్దా? ఇంకో పది చుక్కలు చూద్దాం, వెనక నల్లది వస్తుందేమో అనుకున్నానురా నేను!

అప్పుడే లోపల నీ కంచం చప్పుడైంది. లేచావనుకుని గాభరాగా బిగించేశా. ఎంత బిగించానో నాకే తెలీదు. నేల తుడిచి, ఆ గుడ్డ సీటు కింద కుక్కి, దొంగలా బయటపడ్డా.

తర్వాత సంగతి నీకు తెలిసిందే. సగం దూరం పోయేసరికి నూనె తగ్గిందని చెప్పే ఎర్ర లైటు వెలిగింది. వెంటనే ఆపాల్సింది కదా? నేనా లైటుని కూడా నమ్మలేదు! బల్బు పాడైందనుకున్నా. ఇంజన్ పట్టేసి, నడిరోడ్డు మీద పీనుగులా ఆగిపోయాక గానీ దిగలేదు.

నువ్వొచ్చావు. స్టాండులో వాళ్లంతా వచ్చారు. నువ్వు కిందికి దూరి, చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక నా మొహం చూశావు, నా చొక్కా చెయ్యి చూశావు. నువ్వు నోరు తెరిచేలోపు నేనే అరిచేశా. నట్టు బిగించడం చేతగానివాడివి మెకానిక్కువా అన్నా. అంతమంది ముందు. నువ్వు చేతులు తుడుచుకుని వెళ్లిపోయావు.

ఆ వారమే స్టాండు కార్లన్నీ వేరే షెడ్డుకి పోయాయి. ఏడాది తిరక్కుండా నీ షెడ్డు మూతపడింది.

గీత చూశావు కదరా? రెండు ముక్కలైన గీత. చూశావు. మూడేళ్లుగా నన్ను తొలిచేస్తున్నది అదే. వీడికి తెలుసా, తెలీదా? తెలిస్తే ఎందుకు ఊరుకున్నాడు? ఏదో ఒకనాడు అందరి ముందూ నన్ను నిలబెట్టి కడిగేద్దామనా? నీ మౌనాన్ని కూడా అనుమానించానురా నేను.

మొన్న స్టాండు పెద్దాయన అడిగాడు, ఎనిమిది కార్ల పని ఇంకెవరికిద్దామని. నీ పేరు చెప్పా. పక్కనే ఉన్న గడ్డం డ్రైవరు ఫక్కున నవ్వాడు, "నట్టు బిగించనివాడని నువ్వే కదయ్యా చెప్పావు!" అని. అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. నేనే విప్పాను అని ఒక్క ముక్క... నోట్లోంచి రాలేదు.

రేపు పొద్దున చెప్తా. అందరి ముందూ. చెప్తానో లేదోనని నా మీద నాకే అనుమానం, అందుకే ముందు నీ దగ్గరికొచ్చా. ఇక నీకు తెలిసిపోయింది కదా, నేను వెనక్కి పోవడానికి లేదు. నూనె మార్చాల్సిన టైమేం కాలేదులే ఈ కారుకి. అదీ నువ్వు కనిపెట్టే ఉంటావు, రంగు చూడగానే.

ఏరా, తిట్టవా? ఒక్క మాటైనా అనవా?

బిగించేశావా? చుక్కలు ఆగాయా? ఏమో, మాటల్లో పడి చూళ్లేదు.

పోసెయ్. గరాటా నేను పట్టుకుంటా... వద్దా. సరే.

అయిపోయిందా? మరి గీత? రంగు సీసా అదిగో, బల్ల మీదే ఉంది కదా. మూతైనా తియ్యలేదు నువ్వు. అందరి కార్లకీ గీస్తావు, ఇందాక తెల్ల కారుకి కూడా గీశావు, నేను చూశా.

నా కారుకి ఎందుకు గీయవు? ఈసారి అన్నయ్య ముట్టుకోడులే అన్న నమ్మకమా? లేకపోతే, ఏమైపోతే నాకేంటి అనా?

చెప్పవు. అంతేలే.

తాళం ఇలా ఇవ్వు. వంగి చూడనులే, ఒట్టు. ఇంటిదాకా ఆ నట్టు గురించే ఆలోచించుకుంటూ, ఆ ఎర్ర లైటు వంకే చూసుకుంటూ పోతా. నాకలాగే కావాలి.