కూత ఆగిన మిల్లు

అమ్మలారా, అయ్యలారా, మిల్లు కార్మిక సోదరులారా,

ఇంత ఎండలో పనులు మానుకొని ఈ బడి ఆవరణకు వచ్చారు. ముందు వరుసలో యాదవ్వ కూర్చుంది. పన్నెండు రోజుల కింద బియ్యం మిల్లు బాయిలర్ పేలి చనిపోయిన మన హనుమండ్లు భార్య. ఆమె ముఖం చూసి మాట్లాడే ధైర్యం నాకు లేదు. అయినా మాట్లాడాలి. ఆ చావుకు దారితీసిన కాగితం మీద సంతకం నాది. మున్సిపల్ కమిటీ అధ్యక్షుడిగా నేను పెట్టిన సంతకం.

నాకు భయంగా ఉంది. అధ్యక్షుడన్నవాడు సభలో ఈ మాట అనకూడదంటారు. అంటున్నాను. ఎందుకో చివరన చెబుతాను.

హనుమండ్లు ఎలాంటి మనిషి? పిరికివాడు. ఊరంతా ఆయనను అలాగే పిలిచింది, నేనూ పిలిచాను. అత్తగారి ఊరు లక్సెట్టిపేట. గోదావరి దాటాలంటే పడవలో మనుషుల్ని లెక్కపెట్టేవాడు. పదిమందికి ఒక్కరు ఎక్కువైనా పెళ్లాం పిల్లలను దింపుకొని రేవులో కూర్చునేవాడు. అలా కూర్చుని కూర్చుని మరదలి పెళ్లికి అందలేదు. వీళ్లు వెళ్లేసరికి విస్తళ్లు ఎత్తేస్తున్నారట. ఈ కథ చెప్పుకొని మనం ఎన్నిసార్లు నవ్వలేదు!

అలాంటి మనిషి పదిహేడేళ్లు బాయిలర్ ముందు నిలబడి నిప్పు చూసుకున్నాడు. ఆయనకున్న ధైర్యమల్లా ఒక్కటే. బాయిలర్ నెత్తిన ఒక మూత ఉంటుంది. లోపల ఆవిరి మితిమీరితే అది లేచి, కూతపెట్టి, ఆవిరిని బయటికి వదులుతుంది. మధ్యాహ్నం అన్నాలకు మిషన్ ఆపగానే ఆవిరికి పని ఉండదు. అందుకే సరిగ్గా పన్నెండింటికి ఆ కూత.

చప్పుడు మీద ఫిర్యాదులు మా కమిటీకి కొత్త కాదు. పెళ్లి మైకు మీద వచ్చేవి, కంచరివాళ్ల సుత్తి మీద వచ్చేవి. జవానును పంపి “జర మెల్లగ కొట్టుండ్రి” అని చెప్పించి ఫైలు మూసేవాళ్లం. మిల్లు కూత మీద మాత్రం అరవై రెండు సంతకాలు వచ్చాయి. చంటిపిల్లలు ఉలిక్కిపడుతున్నారు, బర్రెలు పాలు చేపడం లేదు, ఈ బడిలో పాఠం సాగడం లేదు అని రాశారు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. మూడు రోజుల్లో ఊళ్లోని రెండు మిల్లులకూ తాఖీదులు పోయాయి. కూత వినబడితే లైసెన్సు ఉండదన్నాం. మా కమిటీ అంత చురుగ్గా మరే పనీ చేయలేదు. ఇదే ఆవరణలో మీరు నాకు దండ కూడా వేశారు.

కూత ఎలా ఆగిందని నేను అడిగానా? మీరు అడిగారా? మూత లేవకుండా దాని కడ్డీకి తూకపు రాయి వేలాడదీశారు. అంతే. మనమంతా హాయిగా మధ్యాహ్నపు కునుకు తీశాం.

ఆ వారమే హనుమండ్లు మా ఇంటికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. “దొరా, గది మొత్తుకుంటెనే నాకు ధైర్నం. ఇప్పుడు మొత్తుకుంటలేదు” అన్నాడు. నేనేమన్నాను? దరఖాస్తు పెట్టుకొమ్మన్నాను. చదువురాని మనిషి, ఎవరి చేతనో రాయించి తెచ్చాడు. మా గుమాస్తా దాన్ని చప్పుడు ఫిర్యాదుల ఫైలులో పెట్టాడు. మిల్లు మీద వచ్చిన కాగితం కదా! దాని కింద నా చేతి రాత ఇప్పటికీ ఉంది: ‘విచారించగా మిల్లులో చప్పుడు లేదు. ఫిర్యాదు ముగించడమైనది.’

చప్పుడు లేదనే కదయ్యా ఆయన మొర! చప్పుడు లేదనే కదా!

తర్వాత ఆయన ఎవరినీ అడగలేదు. అన్నాల వేళకు పొయ్యిలో నిప్పంతా తానే బయటికి లాగేవాడు. కల్లంలో వడ్లు ఆరబెట్టే ఆడవాళ్లను రోడ్డు అవతలికి పోయి తినమని పోరుపెట్టేవాడు. ఆనాడూ పోరుపెట్టాడు. పద్నాలుగు మంది. వాళ్లలో కొమురవ్వ ఇక్కడే ఉంది, నాతో చెప్పింది: “గీ పిరికోని పోరు పడలేక, నవ్వుకుంటనే పోయినం. సద్ది మూట ఇప్పనన్న ఇప్పలే, గంతల్నే పేలింది.” ఆయన మాత్రం లోపలే ఉన్నాడు, నిప్పు లాగుతూ. భయం లేక కాదు. భయపడుతూనే ఉన్నాడు. యాదవ్వా, తల్లీ, ఆ భయంలో పావువంతు నాకు ఉండి ఉంటే నీ ఇంటి మనిషి నీ పక్కన కూర్చునేవాడు. నన్ను క్షమించమని అడగను. అడిగే మొహం లేదు.

ఇక నా భయం ఎందుకో వినండి. రెండో మిల్లుకూ అదే తాఖీదు పోయింది. స్టేషన్ దగ్గరి మిల్లు. పన్నెండు రోజులు మూసి, ఇవాళే మళ్లీ రాజేశారు. తెల్లవారగానే వెళ్లి తాఖీదు రద్దు చేసి, రాయి నా కళ్ల ముందే తీయించాను. కానీ రెండు నెలలు నొక్కిపెట్టిన మూత లేస్తుందో, తుప్పు పట్టి అతుక్కుపోయిందో చెప్పగలవాడు లేడు. కూలీలందరినీ ఇక్కడికి పంపించేశారు. చుట్టుపక్కల ఇళ్లవాళ్లనూ ఇక్కడికే రమ్మన్నాం. హనుమండ్లు దగ్గర పని నేర్చిన భూమన్న ఒక్కడే అక్కడున్నాడు. నన్ను కూడా ఉండనివ్వలేదు. “మంట తక్కువనే పెడత. పన్నెండింటికి మిషన్ ఆపుత. లేవకుంటె నిప్పు గుంజేస్త. మీరు పోయి మావోని గురించి నాలుగు ముచ్చట్లు చెప్పుండ్రి” అన్నాడు.

పన్నెండు కావస్తోంది.

ఈ కూత రేపటి నుంచి రోజూ ఉంటుంది. పిల్లలు ఉలిక్కిపడితే జోకొట్టుకోండి. బర్రెలు చేపకపోతే వేళ మార్చి పిండుకోండి. మళ్లీ సంతకాలు మాత్రం తేవద్దు.

అందరూ లేచి నిలబడండి. చెప్పులు విడవండి. తల్లులు పిల్లలను ఎత్తుకోండి. రెండు నిమిషాలని నేను చెప్పను. ఎవరూ గడియారం చూడవద్దు. మాట్లాడవద్దు. భూమన్న మిల్లు కూసేదాకా ఇలాగే నిలబడదాం.